ఒక పట్టణపు జమాఖర్చులు

అర్ధసంవత్సరము ముగియు దినములలో మన వీధులలో తరచుగా వినవచ్చు సంభాషణ ఒకటి కలదు. బిల్లు కలెక్టరు గుమ్మము ముందు నిలిచి ఇంటిపన్ను కాగితము చేతికిచ్చును. ఇల్లాలు దానిని చూచి, "మా వీధిలో దీపం ఆరిపోయి నెలయిందండీ. ఎన్నిసార్లు చెప్పినా పలికేవారు లేరు. ఇంక ఈ పన్నెందుకు?" అని అడుగును. "దీపాల సంగతి ఇంజనీరుగారి ఆఫీసులో చెప్పాలమ్మా. నాది వసూళ్ళ పని" అని అతడు బదులు చెప్పును. ఇద్దరి మాటలోను సత్యమున్నది. ఆమె డబ్బు ఇచ్చుచున్నది, దీపము వెలుగుట లేదు. అతడు డబ్బు తీసికొనిపోవుచున్నాడు, అది దీపస్తంభమును చేరు దారి అతని చేతిలో లేదు. ఆ గుమ్మమునకును ఆ దీపస్తంభమునకును నడుమనున్న దారియే పట్టణపు జమాఖర్చు.

ప్రతి గృహస్థునకును తన ఇంటి లెక్క తెలియును. నెలకెంత వచ్చునో, బియ్యమునకెంత, పాలకెంత, పిల్లల చదువులకెంత పోవునో వ్రేళ్ళపై లెక్కించి చెప్పగలడు. పైకప్పు కారినప్పుడు బాగుచేయించుటకు నాలుగు రూపాయలు వెనుక వేసికొనును. కాని లక్షలాది జనులు కలిసి కాపురముండు పట్టణమనెడి పెద్ద ఇంటి లెక్కను మనము పట్టించుకొనము. అది ఆఫీసులలోని గుమాస్తాల పనియని విడిచిపెట్టుదుము. ఆ లెక్కను ఒక ఊరిని ఆధారము చేసికొని నేడు పరిశీలింతము. గోదావరి తూర్పు గట్టుననున్న రాజమహేంద్రవరము ఇందుకు తగిన ఊరు. అది మహానగరము కాదు, చిన్న పట్టణమును కాదు. మన జిల్లాలలోని పెక్కు నగరముల కష్టసుఖములు దానియందు కానవచ్చును.

ఏ ఊరైనను ఊరకే పెరుగదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలమును సస్యశ్యామలము చేసినది. ఆ పంట అమ్మకమునకు, కొనుగోలునకు ఒక వర్తకస్థానము కావలసివచ్చినది. 1900లో నదిపై రైలువంతెన తెరచుటతో ఈ పట్టణము మదరాసు, కలకత్తాలను కలుపు రైలుమార్గమున ముఖ్యమైన నిలయమైనది. న్యాయస్థానములు, కళాశాల, సెంట్రల్ జైలు, కలప వ్యాపారము, బట్టల వర్తకము, కాగితపు మిల్లు ఒకదానివెంట నొకటి జనమును చేర్చినవి. 1974లో రైలు, రోడ్డు రెండును గల వంతెన ఏర్పడి పశ్చిమగోదావరి ప్రజలకు ఈ ఊరు మరింత దగ్గరయినది. తరువాతి కాలమున చమురు, సహజవాయువుల అన్వేషణకు సంబంధించిన ఉద్యోగులును వచ్చి స్థిరపడిరి. 1994లో పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారినది. 2015లో ఊరికి రాజమహేంద్రవరమను పూర్వనామమును అధికారముగా పునరుద్ధరించిరి.

ఇక జనసంఖ్యను చూతము. 1901లో ఇచ్చటి జనాభా సుమారు 36 వేలు. 1951 నాటికి అది లక్షయైదు వేలు దాటినది. 2011 జనాభా లెక్కలలో నగరపాలక సంస్థ హద్దులలోని జనులు సుమారు 3 లక్షల 40 వేలు. 1951 నుండి 2011 వరకు గల 60 సంవత్సరములను సగటు చూచినచో, ఏటికి దాదాపు 3,900 మంది చేరినట్లు లెక్క తేలును. అనగా ప్రతి సంవత్సరమును ఒక పెద్ద గ్రామము మూటాముల్లెతో వచ్చి ఈ పట్టణమున దిగినట్లే. ఆ గ్రామము తనతో చెరువును తెచ్చుకొనదు, బాటలను తెచ్చుకొనదు, శ్మశానమును సైతము తెచ్చుకొనదు. అవన్నియు ఉన్న ఊరే సమకూర్చవలెను.

నీటి సంగతియే తీసికొనుడు. మురుగునీటి గొట్టములుగల నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు ఉండవలెనని మనదేశపు ఇంజనీర్లు ప్రమాణముగా పెట్టుకొన్నారు. ఏటేటా చేరు 3,900 మందికి ఆ లెక్కన దినమునకు 5 లక్షల లీటర్లకు పైగా నీరు క్రొత్తగా కావలెను. 3 లక్షల 40 వేల జనులకు మొత్తము 4 కోట్ల 59 లక్షల లీటర్లు కావలెను. నీటి లెక్క అంతటితో ముగియదు. ఇంటికి వచ్చిన నీటిలో నూటికి 80 వంతులు మురుగుగా వెలుపలికి పోవునని అంచనా. కావున ప్రతి దినమును 3 కోట్ల 60 లక్షల లీటర్లకు మించిన మురుగును ఎక్కడికో పంపి, శుద్ధిచేసి విడువవలెను. కుళాయి త్రిప్పినంతనే నీరు వచ్చిన యింటివారు సంతోషింతురు. అదే నీరు పెరటి తూములోనుండి పోయిన పిదప ఏమగునో ఎవరును విచారింపరు. తెచ్చు నీటికి ఎంత ఖర్చో, పంపు నీటికిని దాదాపు అంత శ్రద్ధ కావలెనను విషయము పట్టణ నిర్మాణమున మొదటి పాఠము.

చెత్త లెక్కయు ఇట్టిదే. చిన్న నగరములలో మనిషికి దినమునకు 300 మొదలు 500 గ్రాముల చెత్త ఏర్పడునని చెప్పుదురు. నడిమి లెక్కగా 400 గ్రాములు వేసికొన్నను, 3 లక్షల 40 వేల జనులకు దినమునకు 136 టన్నులు. తెల్లవారకమునుపే పారిశుద్ధ్య కార్మికులు వీధులలోనికి రానిచో, రెండు దినములలో ఊరి ముఖము మారిపోవును. పండుగనాడును, వాననాడును ఆగరాని పని యిది. ఈ పనికయ్యెడి వ్యయములో ఎక్కువ భాగము జీతములే. యంత్రమునైతే ఒకసారి కొని ఊరకుండవచ్చును. జీతము మాత్రము నెలనెలా ఇచ్చి తీరవలెను.

ఇచ్చట ఒక చిక్కును గమనింపవలెను. పట్టణము పెరుగును గాని దాని హద్దులు వెంటనే పెరుగవు. 2011 లెక్కలలో రాజమహేంద్రవరమును, దానితో కలిసిపోయిన పరిసర ప్రాంతములను కలిపిన జనసంఖ్య దాదాపు 4 లక్షల 75 వేలు. హద్దు లోపలివారు 3 లక్షల 40 వేలు. మిగిలిన లక్షా ముప్పదియైదు వేలమందికి ధవళేశ్వరము, బొమ్మూరు, హుకుంపేట, కాతేరు వంటి ఊళ్ళు నివాసస్థానములు. వారిలో ఎంతోమంది ఉదయమున నగరమునకు వచ్చి, దాని బాటలపై నడచి, దాని బజారులలో సరకులు కొని, దాని ఆసుపత్రులకు పోయి, సాయంకాలము ఇల్లు చేరుదురు. ఆ గ్రామములు నగరపరిధికి వెలుపల నున్నంతకాలము వారి ఇంటిపన్ను పంచాయతీకే చెల్లును. ఇది వారి తప్పు కాదు. నగరములో స్థలము ధర పెరిగినకొలది సామాన్యుడు దూరముగా పోయి ఇల్లు కట్టుకొనును. కాని ఫలితమేమనగా, నగరము మోయు బరువు ఒక లెక్క, నగరమునకు చెల్లువారి సంఖ్య వేరొక లెక్క. గ్రామములను నగరములో చేర్చుకొన్నచో పన్నులు పెరుగునని గ్రామస్థుల భయము. చేర్చుకొననిచో మురుగుకాలువ హద్దురాతి వద్ద ఆగిపోవునని నగరవాసుల భయము. రెండును నిరాధారములు కావు.

ఈ బరువు మోయుటకు ఏర్పడిన సంస్థ చరిత్ర చిన్నది కాదు. మదరాసు రాజధానిలో పట్టణాభివృద్ధి చట్టము 1865లో వచ్చినది. దాని ననుసరించియే మన పెద్ద పట్టణములలో పురపాలక సంఘములు వెలసినవి. ఆదిలో ప్రభుత్వము నియమించినవారే సభ్యులు, అధికారియే అధ్యక్షుడు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును వెలువరించిన పిమ్మట, 1884 చట్టముతో ఎన్నికైన సభ్యుల సంఖ్య హెచ్చినది. పన్ను చెల్లించువాడే ఆ పన్ను ఎట్లు ఖర్చుపెట్టవలెనో నిర్ణయింపవలెనను భావము ఈ మార్పునకు పునాది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిస్టరు చదువునకై ఇంగ్లండు వెళ్ళుటకు పూర్వము ఈ రాజమహేంద్రవరముననే పురపాలక సంఘాధ్యక్షులుగా పనిచేసిరి. తరువాత 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన ఆ మహానుభావుడు ప్రజాపాలనలో అక్షరాభ్యాసము చేసినది ఊరి బాటలు, దీపముల వద్దనే యనుట అతిశయోక్తి కాదు.

ఇక ఆదాయమునకు వత్తము. నగరపాలక సంస్థకు ధనము మూడు త్రోవలలో వచ్చును. తాను వేసి తాను వసూలు చేసికొనునది మొదటి త్రోవ. రాష్ట్రప్రభుత్వము వసూలుచేసి పంచి యిచ్చునది రెండవది. కేంద్ర, రాష్ట్రప్రభుత్వములు గ్రాంటుగా ఇచ్చునది మూడవది.

మొదటి త్రోవలో ముఖ్యమైనది ఇంటిపన్ను. మనము ఒకే మొత్తముగా చెల్లించు ఈ పన్ను నిజమునకు కొన్ని పన్నుల కూడిక. సామాన్య పన్ను, నీటి పన్ను, మురుగు పారుదల పన్ను, దీపముల పన్ను, పారిశుద్ధ్యపు పన్ను అని చట్టము దానిని భాగములుగా చెప్పుచున్నది. వీధిదీపమును గూర్చి అడిగిన ఇల్లాలి ప్రశ్న చట్టరీత్యా ఎంత న్యాయమైనదో దీనినిబట్టి తెలియును. ఇదిగాక గ్రంథాలయముల కొరకు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున సెస్సు వసూలగును. అది నగరపాలక సంస్థ ఉంచుకొనునది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలసినది. వీధి చివరి పఠనాలయమున పత్రిక తిరుగవేయు విద్యార్థి, ఆ వీధివారి పన్నుతోనే చదువుకొనుచున్నాడన్నమాట. ఖాళీస్థలముల పన్ను, అంగళ్ళ అద్దెలు, మార్కెట్ల వేలము, ఇండ్ల ప్లానుల రుసుము, వర్తకపు లైసెన్సులు, కుళాయి చార్జీలు మిగిలిన ఆదాయములు.

ఇంటిపన్నుతో వచ్చిన చిక్కు దాని స్వభావముననే యున్నది. ధరలు పెరిగినప్పుడు అమ్మకపు పన్ను తనంత తానే పెరుగును. వందరూపాయల వస్తువు నూటయేబది అయినచో పన్నును ఆ మేరకు హెచ్చును. ఇంటిపన్ను అట్లు కాదు. ఇంటి విలువను మరల కట్టి, నోటీసులిచ్చి, అభ్యంతరములు విని, నిర్ణయించినగాని పెరుగదు. విలువలను అయిదేండ్లకొకసారి సవరింపవలెనని ఏర్పాటున్నను, ప్రజల అసంతృప్తికి వెరచి ప్రభుత్వములు వాయిదా వేయుచు వచ్చినవి. ఆంధ్రప్రదేశములో నివాసగృహముల అద్దె విలువలు 2002లో సవరించిన తరువాత, 2021 ఏప్రిలు 1న క్రొత్త పద్ధతి వచ్చువరకు సాధారణ సవరణ జరుగలేదు. ఆ 19 సంవత్సరములలో వినియోగదారుల ధరల సూచి మూడింతలకు మించినది. క్రొత్తయిండ్లు చేరుటచే మొత్తము వసూళ్ళు పెరిగిన మాట నిజమే. కాని పాతయింటినుండి వచ్చు రూపాయి మునుపు కొన్నదానిలో మూడవవంతు కూడ కొనలేని స్థితి వచ్చినది. పంపుల కరెంటు బిల్లు, క్లోరిను ధర, కార్మికుల జీతము మాత్రము ఎవరి అనుమతికిని ఆగలేదు.

2021లో వచ్చిన పద్ధతి ఇంటి అద్దె విలువకు బదులు దాని మూలధన విలువపై పన్ను కట్టును. ఒక్కసారిగా భారము పడకుండ ఏటి పెరుగుదలను నూటికి 15కు మించనీయరాదని హద్దు పెట్టిరి. ఈ మార్పుపై వాదోపవాదములు చాల జరిగినవి. సొంతయిల్లు తప్ప వేరు ఆదాయములేని వృద్ధులకు, స్థలముల ధర పెరిగినంతమాత్రమున చేతిలో డబ్బు పెరుగదు గదా యను ఆక్షేపణ ఆలోచింపదగినది. అయితే ఇరువదియేండ్లు కదలని పన్ను ఒక్కసారి కదలినప్పుడే ఇంత అలజడి కలుగును. ఏటేటా కొద్దికొద్దిగా కదలెడి పన్ను ఇంతగా నొప్పింపదు. వాయిదా వేసిన వైద్యమువలె, వాయిదా వేసిన పన్నును చివరకు చేదుగానే ఉండును.

కట్టని పన్నును గూర్చియు ఒక మాట. రైల్వేవారి వంటి కేంద్రప్రభుత్వపు ఆస్తులపై స్థానిక సంస్థలు పన్ను వేయరాదని రాజ్యాంగపు 285వ అధికరణము చెప్పుచున్నది. చేసిన సేవలకు మాత్రము చార్జీలు పుచ్చుకొనవచ్చును. రైలు స్టేషనులు, రైల్వే స్థలములు విస్తారముగా గల ఊరిలో ఇది చిన్న విషయము కాదు. ఇక పన్ను వేసియు వసూలుగానిది వేరు. బకాయిలు పేరుకొన్నకొలది, సకాలములో చెల్లించినవాడు చెల్లించనివాని వంతు మోయుచున్నట్లు లెక్క.

రెండవ త్రోవ, అనగా రాష్ట్రము పంచి యిచ్చునది, ఒకప్పుడు ఊరి చేతిలోనే ఎక్కువగా ఉండెడిది. వృత్తిపన్నును మునుపు పురపాలక సంఘములే వసూలుచేసెడివి. 1987 చట్టముతో ఆ పని రాష్ట్రప్రభుత్వమునకు పోయినది. సినిమా టికెట్టుపై వినోదపు పన్నులో అధికభాగము స్థానిక సంస్థలకు చెందెడిది. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చి దానిని తనలో కలుపుకొన్నది. స్థలముల రిజిస్ట్రేషనుపై అదనపు సుంకములో వాటా కలదు గాని, అది భూముల క్రయవిక్రయములు జోరుగా సాగిన ఏడు నిండుగాను, మందగించిన ఏడు వెలితిగాను వచ్చును. చేతికి ఎప్పుడు వచ్చునో తెలియని ధనముపై నెలజీతములను ఆధారపెట్టుట కష్టము.

మూడవది గ్రాంటు. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు పదునైదవ ఆర్థికసంఘము పది లక్షలకు లోపు జనాభాగల నగరములకిచ్చు ధనములో నూటికి 40 వంతులు మాత్రమే ఇష్టానుసారము వాడుకొనవచ్చుననియు, తక్కిన 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే వెచ్చింపవలెననియు నిర్ణయించినది. లెక్కలను తనిఖీ చేయించి ప్రజలు చూచునట్లు ప్రకటింపవలెనని, ఇంటిపన్ను కనీసపు రేట్లను నిర్ణయింపవలెనని షరతులును పెట్టినది. తన పన్ను తాను వసూలు చేసికొననివానికి పైనుండి సాయము రాదన్న హెచ్చరిక ఇందున్నది. లక్షకు మించిన జనాభాగల 500 నగరములకై 2015లో కేంద్రము ఆరంభించిన అమృత్ పథకమును నీరు, మురుగు పనులకే ప్రాధాన్యమిచ్చినది.

గ్రాంటుల కథలో రాజమహేంద్రవరమునకు ప్రత్యేకమైన అధ్యాయమొకటి కలదు. అది పుష్కరములు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు, పన్నెండేండ్లకొకసారి గోదావరికి పుష్కరములు వచ్చును. 1991, 2003, 2015 సంవత్సరములలో వచ్చినవి. ఆ లెక్కన తరువాతివి 2027కు వచ్చును. లక్షలాది యాత్రికులు వత్తురు గనుక, ఆ సంవత్సరమున ప్రభుత్వపు చేయి ధారాళముగా తెరచుకొనును. స్నానపు రేవులు కట్టుదురు, బాటలు వెడల్పు చేయుదురు, దీపస్తంభములు నాటుదురు, పార్కులు తీర్చిదిద్దుదురు. 2015లో కోటిలింగాల రేవును ఒక కిలోమీటరుకు పైగా పొడవున విస్తరించిరి. ఊరికి నేడున్న అనేక సౌకర్యములు ఏదో ఒక పుష్కరపు కానుకలే. పన్నెండేండ్లలో సాధారణముగా జరుగని పనులు పన్నెండు నెలలలో జరిగిపోవును.

కాని ఆ పనులలోనే మన ప్రశ్నయు దాగియున్నది. ఒక ఉదాహరణ చెప్పుకొందము. పుష్కరముల పేర 20 కోట్ల రూపాయలతో రేవులు, దీపములు, పంపులు సమకూడినవనుకొందము. వానిని శుభ్రము చేసి, మరమ్మతు చేయించి, కరెంటు బిల్లు చెల్లించుటకు ఏటికి నూటికి 5 వంతులే చాలుననుకొన్నను, అది కోటి రూపాయలు. పన్నెండేండ్లకు పన్నెండు కోట్లు. కట్టుటకు 20 కోట్లు ఇచ్చిన ప్రభుత్వము ఈ పన్నెండు కోట్లను ఈయదు. కట్టడము మూలధనపు పద్దు, నిర్వహణ రెవిన్యూ పద్దు. మూలధనము అత్తవారు పెట్టిన నగవంటిది, రెవిన్యూ ప్రతిదినపు భోజనము. నగను చూచి వండిన అన్నము లేదనరు గాని, నగతో ఆకలియు తీరదు. క్రొత్త సౌకర్యము ప్రతిదియు నగరపు నిత్యవ్యయమును పెంచును. దానికి సరిపడ నిత్యాదాయము పెరుగనిచో, పుష్కరమునకు వెలిగిన దీపములే నాలుగైదేండ్లలో ఒక్కొక్కటిగా ఆరిపోవును. అప్పుడు ఊరిజనులు మరల పుష్కరమునకై ఎదురుచూడవలసివచ్చును.

కట్టుటకును నడపుటకును గల భేదము డబ్బుకు మాత్రమే చెందినది కాదు. 2015 జులై 14న పుష్కరముల మొదటిదినమున పుష్కరాల రేవు వద్ద త్రొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. రేవులు ఉన్నవి, మెట్లు ఉన్నవి, బాటలు ఉన్నవి. జనప్రవాహమును ఏ దారిని తెచ్చి ఏ దారిని పంపవలెనను నిర్వహణ లోపించినప్పుడు రాయి, సిమెంటు మనుష్యులను కాపాడలేవు. ఆ దినమును తలచుకొన్న ప్రతివారును, ప్రజాసౌకర్యమనగా కట్టడము మాత్రమే కాదని గ్రహింపవలెను.

ఊరి మురుగు సంగతియు ఇట్లే గ్రహింపవలెను. నల్లా ఛానలు, ఆవ ఛానలు నగరపు మురుగును మోయు ముఖ్యమైన కాలువలు. ఊరికి త్రాగునీరిచ్చునదియు గోదావరియే, ఊరి మురుగు తుదకు చేరవలసినదియు గోదావరియే. శుద్ధికేంద్రము కట్టి ప్రారంభోత్సవము చేసినంతమాత్రమున నది శుభ్రముగానుండదు. అందలి యంత్రములు రాత్రింబవళ్ళు తిరుగవలెను. అవి తిరుగుటకు విద్యుత్తు, నిపుణులు, విడిభాగములు కావలెను. ఇవి యన్నియు రెవిన్యూ పద్దు వస్తువులే. నదికి హారతి ఇచ్చు చేతులు ఈ పద్దును గూర్చియు విచారించినచో, ఆ హారతి మరింత సార్థకమగును.

ప్రజలు పూనుకొన్నచో ఏమి జరుగునో తెలుపు ఉదాహరణ పొరుగురాష్ట్రమున ఒకటి కలదు. మదరాసును అంటియున్న ఆలందూరు 2001 లెక్కలలో లక్షన్నరకు లోబడిన జనాభాగల మునిసిపాలిటీ. అచ్చట భూగర్భపు మురుగు గొట్టములు లేవు, ఇంటింటికిని సెప్టిక్ ట్యాంకే గతి. 1990 దశకపు తుదిభాగమున అచ్చటి పాలకవర్గము ఇంటింటికిని తిరిగి, మీరు ఇంటికి 5,000 రూపాయలు ముందుగా డిపాజిట్ చేసినచో, మిగిలినది అప్పుగాను గ్రాంటుగాను తెచ్చి పని నెరవేర్తుమని చెప్పినది. గొట్టము పడకమునుపే వేలాది కుటుంబములు డబ్బు కట్టినవి. తరువాత నెలనెలా చార్జీ చెల్లించుటకును ఒప్పుకొన్నవి. పని పూర్తియైనది. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషనులో కలిసిపోయినను, ఆ గొట్టములు నిలిచియున్నవి. అచ్చటి ప్రజలు మనకన్న ధనవంతులగుటచే కాదు, తామిచ్చు రూపాయి ఎక్కడికి పోవునో ముందుగా తెలిసినందువలననే ఇచ్చిరి. నమ్మకము కలిగినచోట పన్ను భారముగా తోచదు. అది లేనిచోట అణాపైసయు బరువే.

ఆ నమ్మకము కలుగుటకు ఊరి లెక్క ఊరివారి ఎదుట చర్చకు రావలెను. 1992లో ఆమోదించి 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు రాజ్యాంగములో స్థానమిచ్చినది. పండ్రెండవ షెడ్యూలులో వానికి 18 బాధ్యతలను పేర్కొన్నది. అయిదేండ్ల గడువు ముగియకమునుపే ఎన్నికలు జరుపవలెనని విధించినది. అయినను ఆచరణ వేరు. రాజమహేంద్రవరములో 2014లో ఎన్నికైన పాలకవర్గపు గడువు 2019లో తీరినది. 2021 మార్చిలో రాష్ట్రమున 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు వానిలో ఈ నగరము లేదు. ఎన్నికైన సభ లేనప్పుడు ఆయవ్యయ పట్టికను అధికారులే తయారుచేసి, అధికారులే ఆమోదింతురు. వారు సమర్థులు కావచ్చును, నిజాయితీపరులును కావచ్చును. కాని మా వార్డునకు ఏమి ఇచ్చితిరని నిలదీసి అడుగు సభ్యుడు అచ్చట ఉండడు. 1884లో మన పూర్వులు సాధించుకొన్న హక్కు అది.

సామాన్య గృహస్థు చేయదగిన పనులు ఇందులో లేకపోలేదు. మొదటిది, పన్నును వేళకు చెల్లించుట. ఏటి మొత్తమును ఏప్రిలు నెలలోనే చెల్లించువారికి నూటికి 5 వంతుల తగ్గింపు ఇచ్చు ఏర్పాటు కలదు. నగరమునకు ఏడాది ఆరంభముననే చేతిలో పైకము ఉండుటయు మేలే. రెండవది, ఏటేటా వెలువడు ఆయవ్యయ పట్టికను తెప్పించుకొని చదువుట. అందులో మూడు అంకెలు చూచిన చాలును. మొత్తము ఆదాయములో ఊరు స్వయముగా సంపాదించినదెంత? వేసిన పన్నులో వసూలైనదెంత? క్రొత్త పనులకు కేటాయించినదెంత, ఉన్నవానిని బాగుచేయుటకు కేటాయించినదెంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబులను మూడేండ్లు వరుసగా వ్రాసి ఉంచుకొన్నచో, ఊరు ముందునకు పోవుచున్నదో, అప్పులలో దిగుచున్నదో ఏ పండితుడును చెప్పనక్కరలేదు. మూడవది, క్రొత్త పనికి శంకుస్థాపన జరిగినప్పుడు చప్పట్లతో సరిపెట్టక, దీని నిర్వహణకు ఏటికెంత కావలెను, అది ఏ పద్దునుండి వచ్చునని అడుగుట.

మొదట చెప్పిన గుమ్మము వద్దకు మరల పోదము. దీపము వెలుగుట లేదని ఆమె పన్ను ఆపినచో, తరువాతి దీపమును ఆరును. పన్ను వచ్చినది గదాయని ఆఫీసు ఊరకున్నచో, తరువాతి పన్నును ఆగును. ఈ వలయమును ఎవరో ఒకరు తెంపవలెను. ఆమె పన్ను కట్టి, రసీదు పుచ్చుకొని, దాని వెనుకనే దీపస్తంభపు నెంబరు వ్రాసికొని ఇంజనీరుగారి ఆఫీసుకు నడచినచో, ఆ రసీదే ఆమె అర్జీ యగును. ప్రతి వీధినుండియు ఒకరిద్దరు అట్లు నడచు ఊరిలో, దీపములు బాగుగా వెలుగుటకు పుష్కరముల వరకు ఆగవలసిన పని యుండదు.